కాక తెలియని చెయ్యి

జగిత్యాలలో నరాల డాక్టరు నా అరికాలి మీద నైలాన్ పోగుతో పొడిచాడు. పొడిచానని ఆయనే చెప్పాడు, నాకైతే తెలియదు. బల్ల మీద వెల్లకిలా పడుకుని కండ్లు మూసుకున్నాను. "తాకినప్పుడల్లా ఊఁ అనుండ్రి మేడం," అన్నాడు. నా దగ్గర చదువుకుని పోయిన పిల్లల వయసువాడే. ముప్పై ఏళ్ళుగా కోరుట్లలో పదో తరగతికి జీవశాస్త్రం చెబుతున్న మనిషిని నేను. పరీక్షంటే తప్పడం ఇష్టముండదు, అది ఎవరు పెట్టినా సరే. ఆయన చొక్కా చప్పుడును బట్టి, ఊపిరిని బట్టి, ఇప్పుడు పొడిచి ఉంటాడని లెక్క కట్టుకుంటూ ఊఁ అన్నాను. కాసేపాగి మళ్ళీ ఊఁ అన్నాను. అట్లా నాలుగైదుసార్లు అయ్యాక ఆయన మెల్లగా, "మేడం, నేను ముట్టనే లేదు," అన్నాడు.

కండ్లు తెరిచాను. సిగ్గు వేయాల్సింది, వేయలేదు. ఈ మధ్య నాకేదీ వేయాల్సినట్టు వేయడం లేదు. నాలుగేళ్ళ కింద మా ఆయన పోయినప్పుడు కూడా ఏడుపు రాలేదు, బంధువులు చెవులు కొరుక్కుని మరీ చూశారు. కాళ్ళ సంగతి బయటపెట్టింది మా కోడలు. కూరగాయలు తీసుకుని ఇంటికొస్తే, "అయ్యో అత్తమ్మా, గదేంది, ఒక్క చెప్పుతోని వచ్చిండ్రు?" అని నెత్తి కొట్టుకుంది. రెండో చెప్పు ఏ వీధిలో జారిపోయిందో నాకు తెలియలేదు. పదిహేనేళ్ళుగా షుగరుంది కాబట్టి ఎందుకిట్లా అయిందో ఎవరూ చెప్పనక్కర్లేదు, నేనే బోర్డు మీద బొమ్మ గీసి చెప్పగలను. "ఎన్ని దినాలాయె మేడం, గీ తిమ్మిరి?" అని డాక్టరు అడిగితే, "ఈ మధ్యనే," అన్నాను. నిజానికి ఏడాది దాటింది. ఆయన నా ముఖం చూసి, "ముందే వస్తే మంచిగుండేది గద మేడం," అన్నాడు. విసుక్కోలేదు, మర్యాదగానే అన్నాడు.

ఆ మాట నేను ఒకసారి విన్నాను. పదమూడేళ్ళప్పుడు, సిరిసిల్లలో మా ఇంటి అరుగు మీద. అప్పుడు అనిపించుకున్నది నేను కాదు, మా మేనత్త నర్సమ్మ. ఆమె ముందే వెళ్ళకపోవడానికి కారణం నేను. పన్నెండేళ్ళ వయసులో ఒక మనిషి అడిగిన సూటి ప్రశ్నకు నేను అబద్ధం చెప్పాను. ఆ అబద్ధానికి నర్సత్త చేతులు పోయాయి. ఆ సంగతి ఆమెకు తెలియదు. కోనరావుపేటలో బతికే ఉందని నాకు తెలుసు. చెప్పాలా, చెప్పకుండా ఆమెనో నన్నో సాగనంపేదాకా ఆగాలా అన్నది ఒక్కటే నాకు మిగిలిన ప్రశ్న. కోరుట్ల బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటికి పోయేదాకా దాన్నే తిప్పి తిప్పి చూశాను.

మాది సాలోళ్ళ ఇల్లు. ముందు గదిలో మూడు గుంట మగ్గాలు, వెనక వంటిల్లు, దానవతల పెరడు. పొద్దున లేస్తే ముక్కుకు ముందుగా తగిలేది పులిసిన గంజి వాసన. దాని వెనక తడి నూలు వాసన, బాపమ్మ నోటి తంబాకు వాసన. బాపమ్మ అంటే మా నాన్న తల్లి. ఆమె ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు తంబాకు ఉమ్మి, నోరు మూడుసార్లు పుక్కిలించి, కొంగుతో మూతి తుడుచుకునేది. ఎవరిమీదైనా కేకలు వేయాలన్నా అంతే. ఆ పుక్కిలింత వినపడగానే మేం పిల్లలం తలో దిక్కూ పోయేవాళ్ళం. బాపు, అంటే మా నాన్న, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే అన్నానికే లేచేవాడు. చాయ్ అక్కడికే పోవాలి. సాసర్లో పోసుకుని ఊదుకుంటూ, కండ్లు మాత్రం బట్ట మీదినుంచి తీయకుండా తాగేవాడు. మా అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. నాకు బడి లేనప్పుడు ఆమె పక్కన నేను. ఇక నర్సత్తది గంజి పని.

గంజి పని తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. నూలు పోగు ఉన్నది ఉన్నట్టు మగ్గమెక్కిస్తే రాపిడికి తెగుతుంది. అందుకని నూలు చిలపల్ని వేడి గంజిలో ముంచి, గంజి పోగు లోపలిదాకా పట్టేటట్టు పిసికి, పిండి, దులిపి ఆరేయాలి. గంజి చల్లారితే గడ్డ కడుతుంది, పోగుకు పట్టదు. కాబట్టి పొయ్యి మీది నుంచి గంగాళం దించిన కాసేపటికే పని అయిపోవాలి. మిగతా ఇళ్ళలో ఆడవాళ్ళు కట్టెతో ముంచేవాళ్ళు, పక్కన చన్నీళ్ళ గిన్నె పెట్టుకుని వేళ్ళు ముంచుకుంటూ, అబ్బా అవ్వా అనుకుంటూ పిండేవాళ్ళు. మా నర్సత్త మాత్రం మణికట్ల దాకా రెండు చేతులూ గంగాళంలో పెట్టేది. ముఖంలో మార్పుండేది కాదు. పిసుకుతూనే పక్కింటావిడతో సినిమా కథ మాట్లాడేది. చూడ్డానికని వాడకట్టు ఆడవాళ్ళు వచ్చి నిలబడేవాళ్ళు.

"మా నర్సి చేతికి కాక తెల్వది," అనేది బాపమ్మ గొప్పగా, "పని జేసిన చెయ్యి గది!" బాపు అంతకన్నా. "నర్సి చెయ్యి వడ్డ పోగు తెగనే తెగది," అని షావుకారు ముందు కూడా చెప్పేవాడు. వీధిలో ఎవరింట్లో గంజి పనున్నా, "జర నర్సక్కను తోలుండ్రి," అని పిలుపు వచ్చేది. పని అయ్యాక అత్త చేతుల మీద బొబ్బలు లేచేవి. వాటికి నూనె రాసుకుని ఊరుకునేది. బొబ్బలు లేచాయి కదా, నొప్పి ఎందుకు లేదని ఇంతమందిలో ఒక్కరు కూడా అడగలేదు. మేం అదొక వరమనుకున్నాం. ఎంత తెలివిగల వాళ్ళమో చూడండి. ఆమె ముంజేతి మీద, వీపు మీద తెల్లబారిన మచ్చలుండేవి. వాటిని బాపమ్మ సిబ్బెం అంది, ఒంటికి మంచిదే అంది. అంతటితో ఆ మాట అయిపోయింది.

అత్త భర్త బతుకుతెరువుకని భీవండి పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. పిల్లలు లేరు. అన్న ఇంట్లో ఉంటున్న ఆడమనిషికి ఎంత చోటుంటుందో ఆమెకు తెలుసు. ఆ చోటు ఆమె చేతులు సంపాదించినదే. గంజి పనున్న రోజు అందరికన్నా ముందు ఆమెకే అన్నం పెట్టేవాళ్ళు, కోడిగుడ్డు వండితే ఆమె గిన్నెలోనే పడేది. మిగతా రోజుల్లో చివర తినేది. ఇది ఆమె నాతో అన్న మాట కాదు, పక్కన కూర్చుని నేను చూసిన సంగతి.

ఒకనాడు మధ్యాహ్నం గడపలో కూర్చుని, "విజయా, జర గీ పేడు తియ్యవే," అని చూపుడువేలు నా ముందు పెట్టింది. మగ్గం కర్రది, సన్నని వెదురు పేడు, గోరు పక్కన లోతుగా దిగి ఉంది. నేను సూది తీసుకుని గెలుకుతున్నాను. వీధిలో గాజులామె పోతోంది. అత్త ఆమెను ఆపి ఎర్రగాజుల బేరం మొదలుపెట్టింది. నా చెయ్యి జారింది. సూది చాలా లోపలికి పోయింది. నెత్తురు చుక్క లేచి నా గౌను మీద పడింది. అత్త బేరమాడుతూనే ఉంది. "గంత పిరమా? నువ్వే తొడుక్కో పో," అని నవ్వుతోంది.

"అత్తా, నొస్తలేదా?" అన్నాను.

తిరిగి తన వేలు చూసుకుంది. సూది ఇంకా అందులోనే ఉంది. నవ్వు పోయింది. "నొచ్చింది తియ్యే," అంది చాలా ఆలస్యంగా. నేను అప్పుడు చేసిన పని ఇప్పుడు రాయాలంటే ఒళ్ళు జలదరిస్తుందని రాయాలి, కానీ జలదరించడం లేదు. సూది తీసి, ఆమె అరచేతిలో మళ్ళీ గుచ్చాను, చేతిని కాకుండా ఆమె ముఖాన్ని చూస్తూ. ఏమీ లేదు. ఇంకోసారి గుచ్చాను. మూడోసారికి ఆమె నా కండ్లలోకి చూసింది. గాజులామె వెళ్ళిపోయేదాకా ఆగి, "ఎవ్వలకు జెప్పకు బిడ్డా," అంది. "మీ బాపుకు అసలే జెప్పకు."

"ఎందుకత్తా?"

"ఎల్లగొడ్తరు. పెద్దరోగమంటరు. ఊరవతల గుడిసెల ఏస్తరు."

నేను తల ఊపాను. పెద్దరోగమంటే ఏమిటో నాకు తెలుసు. వేములవాడలో గుడి మెట్ల దగ్గర గుడ్డలు చుట్టుకున్న చేతులు చాపే వాళ్ళను చూశాను. అమ్మ నన్ను వాళ్ళకు అవతలి పక్కనుంచి నడిపించేది. నర్సత్తను అక్కడ కూర్చోబెట్టి చూసుకున్నాను, మనసులో. ఆ తర్వాత చాలా రోజులు ఆమె పక్కన పడుకున్నా నిద్ర సరిగా పట్టలేదు. పక్క మార్చమని అమ్మను అడగలేదు. అడిగితే కారణం చెప్పాలి కాబట్టి.

ఆ ఏడే మా బడికి మచ్చలు చూసే సారు వచ్చాడు. సైకిలు, భుజానికి గుడ్డ సంచి, సంచిలో ఒక కోడి ఈక. మమ్మల్ని వరుసగా నిలబెట్టి, చేతులూ వీపులూ చూసి, ఎక్కడైనా మచ్చ కనపడితే కండ్లు మూయమని ఈకతో తాకేవాడు. మంచి మనిషి. "గిది శాపం గాదు, పాపం గాదు, నరాలకొచ్చే జబ్బు. మాత్రలు ఉత్తగనే ఇస్తం. ముందుగాల వస్తే ఏం గాదు," అని పెద్దగొంతుతో చెప్పాడు. ఆ తర్వాత ఒక్కొక్కరినీ అదే మాట అడిగాడు. నా వంతు వచ్చింది. "మీ ఇంట్ల ఎవలకన్న గిసొంటి మచ్చ ఉందా బిడ్డా? సూది గుచ్చితే తెల్వనోళ్ళు ఎవలన్న ఉన్నరా?"

"లేరు సార్," అన్నాను.

సరిగ్గా నాకు తెలిసిన సంగతినే అడిగాడు. అంత సూటి ప్రశ్న ఆ తర్వాత నన్ను ఎవరూ అడగలేదు. ఆయన ఒక క్షణం నా ముఖంలోకి చూసి పక్కపిల్ల దగ్గరికి జరిగాడు. నేను ఇంటికి పోయేటప్పుడు అత్తను కాపాడానని గర్వపడ్డాను. ఆ ముచ్చట ఆమెకు చెప్పలేదు. చెప్తే మాత్రల సంగతి కూడా చెప్పాలి, చెప్తే ఆమె పోతానంటుందేమో, పోతే అందరికీ తెలుస్తుందేమో. పన్నెండేళ్ళ బుర్రలో ఇంత గొడవ జరిగింది. నోరు మూసుకోవడమే అన్నిటికన్నా తేలికగా కనపడింది.

ఏడాది తిరిగేసరికి అత్త కుడిచేతి చిటికెనవేలు, ఉంగరపువేలు లోపలికి వంగాయి. తెగిన పోగు ముడి వేయలేకపోయింది. అన్నం ముద్ద వేళ్ళ సందునుంచి జారేది. వాతమన్నారు, నువ్వుల నూనె రాశారు. ఎడమచేయి కూడా మొదలైంది. అప్పుడొక పొద్దున ఆ సైకిలు సారు మా ఇంటి ముందు దిగి, ఎవరినీ ఏమీ అడగకుండా, "నర్సమ్మ ఎవలమ్మా?" అన్నాడు. అత్త బయటికి వచ్చింది. అరుగు మీద కూర్చోబెట్టి ఆమె మోచేతి వెనక వేలితో నొక్కి చూశాడు. మనకు గోడకు తగిలితే జివ్వుమనే చోటు అది. "సూడుండ్రి, నరం తాడు లెక్క లావైంది," అన్నాడు. ఆ తర్వాతే నేను ముందు చెప్పిన మాట అన్నాడు. "ముందే వస్తే వేళ్ళు వంగకపోవు గదమ్మా." బాపు, "ఎవలు జెప్పిండ్రు సార్ మీకు?" అని అడిగాడు. "ఎవలో జెప్పిండ్రు తియ్ అన్నా," అని కాగితం రాసిచ్చి పోయాడు. దూరాన ఒక మిషనాసుపత్రికి చీటీ అది.

రెండోరోజు అత్త గుడ్డల మూట కట్టుకుంది. బాపమ్మ పుక్కిలించి ఉమ్మి, అత్త తిన్న కంచం, తాగిన చెంబు వీధిలోకి విసిరి, ఆమె వాడిన కుండలు తెచ్చి వాకిట్లో అందరూ చూస్తుండగా ఒక్కొక్కటే పగులగొట్టింది. పక్కబట్ట కాల్చింది. "ఇగ నాకు బిడ్డ లేదు," అని వాడకంతా వినపడేటట్టు అరిచింది. కన్నతల్లి అట్లా అరుస్తుంటే అత్త మూట పట్టుకుని నిలబడి చూసింది. ఏడవలేదు. గడప దగ్గర తలుపు వెనక ఉన్న నా వైపు ఒకసారి చూసింది. నేను తల దించుకున్నాను. బస్టాండు దాకా ఆమెతో ఎవరూ పోలేదు. ఆ తర్వాత మా ఇంట్లో ఆమె పేరు ఎత్తడం నేను వినలేదు. నా పెళ్ళి పత్రికలో మేనత్తల పేర్లున్న చోట ఆమె పేరు లేదు. నేనూ అడగలేదు.

నేను టీచరునయ్యాను. అదీ జీవశాస్త్రమే. ఎందుకు ఎంచుకున్నావని అడిగితే మార్కులు వచ్చాయని చెబుతుంటాను. ఏటా నాడీ వ్యవస్థ పాఠం వస్తుంది. మటన్ షాపు నుంచి మేక భేజా తెప్పించి పళ్ళెంలో పెడతాను. పిల్లలు ముందు ఛీ అని, తర్వాత మీద పడతారు. పెద్ద మెదడు, చిన్న మెదడు, మజ్జిముఖం, వెన్నుపాము. "ఇంత మెత్తటి ముద్దే మీ కోపం, మీ లెక్కల మార్కులు, మీ అమ్మ ముఖం," అని చెబుతాను. నాడీకణం బొమ్మ గీసి, దాని పొడవాటి తీగ మీద ఉండే కొవ్వు తొడుగు గురించి చెప్పేటప్పుడు నాకు వేరే పోలిక రాదు. నూలుకు గంజి పట్టించినట్టు ఉంటుందంటాను. తొడుగు ఉన్న తీగలో కబురు పరుగెత్తుతుంది, పోయిందంటే తడబడుతుంది, ఆగిపోతుంది. మరమగ్గాల కాలం పిల్లలకు గంజి పెట్టడమూ తెలియదు, ఇప్పుడు అదంతా మిషన్ల మీద అయిపోతుంది. అయినా తలలూపుతారు. ఇక అసంకల్పిత చర్యకు పుస్తకంలో ఇచ్చిన ఉదాహరణ వేడి గిన్నె. వేడి తగలగానే కబురు వెన్నుపాముకు పోతుంది, మెదడుకు తెలిసేలోపే చెయ్యి వెనక్కి వస్తుంది. "నొప్పి మన కావలివాడు," అని రాయిస్తాను. ప్రతి ఏడూ ఎవరో ఒకరు లేచి, "టీచర్, చెయ్యి వెనక్కి రాకపోతే?" అని అడుగుతారు. "అప్పుడు ఆ నరం పాడైందన్నట్టు, కూర్చో," అంటాను. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా నర్సత్త పేరు చెప్పలేదు.

ఒకసారి టీచర్లకు పెట్టిన శిక్షణలో ఒకాయన మెదడు ఎట్లా పెరుగుతుందో చెప్పాడు. వెనక భాగాలు ముందు తయారవుతాయట. నుదురు వెనక ఉండే భాగం, ముందూ వెనకా ఆలోచించి నిర్ణయం తీసుకునేది, అన్నిటికన్నా చివర ఎదుగుతుందట, ఇరవై ఏళ్ళు దాటినా ఎదుగుతూనే ఉంటుందట. నేను నోట్సులో ఆ మాట కింద రెండు గీతలు గీశాను. పన్నెండేళ్ళ పిల్లది తప్పెట్లా అవుతుంది, దాని తలకాయ ఇంకా సగమే తయారైంది కదా. ఇంటికొచ్చి చాయ్ పెట్టుకుంటూ అదే అనుకున్నాను. చాయ్ తాగడం అయ్యేలోపే ఆ వాదన చెల్లకుండా పోయింది. పన్నెండేళ్ళకు తయారు కాలేదు సరే. మరి పదమూడుకు? ఇరవై అయిదుకు? నలభైకి? తయారైన తలకాయతో కూడా నేను కోనరావుపేట బస్సు ఎక్కలేదు.

డాక్టరు దగ్గరి నుంచి వచ్చిన మూడో రోజు ఎక్కాను. చందుర్తి మీదుగా వేములవాడ దాకా బస్సు, అక్కడినుంచి ఆటో. డాక్టరు కొనిపించిన మెత్తటి బూట్లు వేసుకున్నాను, నేల ఎక్కడుందో కండ్లతో చూసుకుంటూ నడిచాను. ఆసుపత్రిలోనే ఉన్న మరో రోగిని అత్త పెళ్ళి చేసుకుందని, జబ్బు నయమై ఇద్దరూ ఈ ఊళ్ళో స్థిరపడ్డారని, ఆయన పోయాడని, కూతురు అంగన్‌వాడీలో పనిచేస్తుందని మా తమ్ముడి ద్వారా ఎప్పుడో విన్నాను. రేకుల ఇల్లు. తలుపు తీసింది ఆ కూతురే. పేరు చెప్పగానే వెనక్కి తిరిగి, "అమ్మా! సిరిసిల్ల విజయక్కనే!" అని కేక పెట్టింది, నన్ను రోజూ చూస్తున్నట్టు.

అత్త చిన్నదైపోయింది. నెత్తి ముగ్గుబుట్ట. చేతి వేళ్ళన్నీ అరచేతిలోకి ముడుచుకుని ఉన్నాయి, కొన్ని సగానికి సగం అరిగిపోయాయి. ఆ రెండు చేతుల మధ్య నా ముంజేతిని పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "వచ్చినవా కోడలా," అంది. "నేను బతికుంటె వస్తదో సస్తె వస్తదో అనుకున్న. మంచిగున్నవా? గదేంది, గట్ల బక్కగైనవ్?" కూతురి వైపు తిరిగి, "గీమె పేరే నీకు వెట్టింది నేను," అంది. అప్పుడు తెలిసింది, ఆ పిల్ల పేరు కూడా విజయ అని.

"నా పేరు ఎందుకు పెట్టావత్తా?" అన్నాను. అడక్కుండా ఉంటే బాగుండేది.

"ఎందుకేంది? నువ్వు గా మచ్చల సారుకు చెప్పవట్టె గదనే నేను బతికింది," అంది. "వేళ్ళు పోతె పోయినయ్. కాళ్ళు మిగిలినయ్, కండ్లు మిగిలినయ్. ఇంకో రెండేండ్లు గట్లనే ఉంటె మొత్తం పోతుండె అన్నరు దవాఖానల. ఎవ్వలకు జెప్పకుమంటిని, అయినా నువ్వు ధైర్యం జేసినవ్. నేను మూట పట్టుకొని నిలవడ్డప్పుడు నువ్వు తల దించుకున్నవ్ సూడు, గప్పుడే నాకు ఎర్కైంది, నువ్వే జెప్పినవని. ప్రతి ఐతారం ప్రార్థనల నీ పేరు వెట్టుకుంట."

నలభై అయిదేళ్ళ ప్రార్థనలు. కూతురు నవ్వుతూ నా ముందు చాయ్ పెట్టింది. ఊరుకోవచ్చు. చాయ్ తాగి, చెయ్యి నిమిరి, మళ్ళొస్తానని చెప్పి లేవొచ్చు. ఆ ముసలి మనిషి సంతోషం నేనెందుకు చెడగొట్టాలి అన్న మాట కూడా నాలుక మీదికి వచ్చింది, భలే మంచి మాట. అది నా భయమే, వేషం మార్చుకుని వచ్చింది. కూతురు లోపలికి పోయేదాకా ఆగాను.

"నేను చెప్పలే అత్తా."

"ఏంది?"

"సారు బడికి వచ్చి అడిగిండు. సూది గుచ్చితే తెల్వనోళ్ళు మీ ఇంట్ల ఉన్నరా అన్నడు. లేరన్న. మాత్రలిస్తమన్నడు. నీకు చెప్పలే. గప్పుడే చెప్తే నీ వేళ్ళు వంగకపోతుండె." ముప్పై ఏళ్ళ పాఠాల భాష ఎటుపోయిందో, ఆ ఇంటి మాటే నోట్లోంచి వచ్చింది. "నా వల్లనే అత్తా."

ఆమె చేతులు తీయలేదు. నా ముంజెయ్యి వాటి మధ్యనే ఉంది. నన్ను కాకుండా నా భుజం పక్కనుంచి గోడను చూస్తోంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండని కూడా అనుకున్నాను. చెప్పేస్తే లోపల ఏదో దిగిపోతుందనుకుని అంత దూరం వచ్చాను, ఏమీ దిగలేదు. చాయ్ మీద మీగడ కట్టింది.

"మరి ఎవలు జెప్పిండ్రు?" అంది.

"ఎర్కలేదత్తా. పక్కింటోళ్ళేమో."

"పక్కింటోళ్ళకు ఎట్ల ఎర్క? నేను గజం దూరంల కూసునేదాన్ని." ముడుచుకున్న చేత్తో మూతి రుద్దుకుంది. "అన్నకు ఎర్కలే. వదినెకు ఎర్కలే." అక్కడ ఆగింది. తర్వాత మాట్లాడిన మాటలు నాతో కాదు, తన తల్లి గురించి, మా బాపమ్మ గురించి. "మా అవ్వ నా వీపు రుద్దేది. తలకు పోసుకున్నప్పుడల్లా. ఒకనాడు రుద్దుకుంట రుద్దుకుంట చెయ్యి ఆపింది. ఏందవ్వా అన్న. ఏం లేదే, సున్నిపిండి అయిపోయింది అన్నది. పొయ్యి కాడ నీళ్ళు మస్తు మసులుతున్నయ్, గయ్యే పోసినట్టుంది నా వీపు మీద, తర్వాత చూసుకుంటె ఎర్రగైంది. నేను ఉలుక్కోలే. అవ్వ సప్పుడు జేయలే." నా వైపు చూసింది. "తెల్లారి ఒక్కతే ఎటో పోయింది. ఎన్నడు వాడ దాటనిది, పొద్దూకి అచ్చింది. గా వారమే సారు అచ్చిండు."

"మరి కుండలెందుకు పగులగొట్టింది? అందరు సూస్తుండంగ?"

"అందరు సూడాలెనని," అంది అత్త. "లేకుంటె మీ ఇంట్ల నీళ్ళు ఎవలు తాగుతుండె? నీ పెండ్లి ఎట్లయితుండె?" ఆ మాట ఆమె నాకు విడమరిచి చెబుతున్నట్టు లేదు. తనకే ఇప్పుడు తెలుస్తున్నట్టుంది. "దాని సావుకు నేను రాలే. కబురు అచ్చింది, మీ తమ్ముడు మనిషిని పంపిండు. బిడ్డ లేదన్నది గద, ఎవలకు రావాలె అన్న. బువ్వ తిని పన్న గా దినం. మంచిగ పన్న."

ఆమె గట్టిగా ఏడవలేదు. నీళ్ళు మాత్రం కారాయి, తుడుచుకోవడానికి వేళ్ళు చాపలేక అట్లాగే వదిలేసింది. నేను నా కొంగుతో తుడిచాను. నాకు ఏడుపు రాలేదు, నేనూ ఎదురుచూడలేదు. తుడుస్తుంటే ముఖం పక్కకు తిప్పుకుని అడిగింది.

"ఏ దినం పోయింది అవ్వ?"

"రాఖీ పున్నమి తెల్లారి."

"విజయా!" అని కేకేసింది. కూతురు వచ్చింది. "గా గోడకున్న క్యాలెండరు తీస్కరా. పెన్ను దే. రాఖీ పున్నమి తెల్లారి ఎప్పుడుందో సూసి సున్న సుట్టు."

చర్చి వాళ్ళు ఇచ్చిన క్యాలెండరు అది. ఆ పిల్ల నేల మీద పరుచుకుని, కాగితాలు తిప్పి, వేలితో వెతికి ఆ గడి చుట్టూ గుండ్రంగా గీసింది. పెన్ను ఎత్తి పట్టుకుని తల్లి ముఖంలోకి చూసింది. పుట్టి ఇంతదైంది, ఆ ఇంట్లో ఆ ముచ్చట ఎన్నడూ విని ఉండదు.

"ఏమని రాయాలమ్మా? ఎవలిది?"

"మా అవ్వది," అంది నర్సత్త.